ఆర్కుట్‌ల పండ్ల డాక్టర్

జూన్ 4, 2007. సోమవారం
నిన్న హైదరాబాద్‌ల మా పండ్ల డాక్టర్లకు క్లాసు పెట్టిండ్రు. బోర్డు చూసి పేషెంట్లు వచ్చే రోజులు పోయినయంట. ఇంటర్నెట్‌ల ఆర్కుట్ అని దోస్తానా చేసే జాగ ఉన్నదంట, అండ్ల సంబంధాలు పెంచుకోవాలెనంట. నిజమే. నిజామాబాద్ ఖలీల్‌వాడిల దవాఖాన తెరిచి ఏడాదిన్నరాయె. వచ్చేటోళ్ళల్ల సగంమంది పక్కనున్న కండ్ల డాక్టర్ కోసం వచ్చినోళ్ళే.
నిర్ణయం: రోజూ సాయంత్రం ఆర్కుట్. రోజుకొక కొత్త సంబంధం.
ఇంటామెకు చెప్పిన. "సంబంధమంటే?" అని గరిటె పట్టుకొని అడిగింది. వివరంగ చెప్పిన.

జూన్ 5
బస్టాండ్ కాడ తారాబాయి నెట్ సెంటర్ల ఖాతా తెరిచిన. ఫోటో పెట్టమన్నది. దవడ ఎక్స్‌రే పెట్టిన.
"డాక్టర్ సాబ్, మొఖం పెట్టాలె" అన్నది తారాబాయి.
"ఇది గూడ మొఖమే. లోపటిది."
మొదటి స్నేహం తారాబాయిదే. పక్క కుర్చీల కూసొనే ఒప్పుకున్నది. శుభారంభం.

జూన్ 7
బ్రెజిల్ నుంచి ఒకామె కలిసింది. ఏదో రాసింది, భాష తెల్వదు. అన్ని ఆశ్చర్యార్థకాలున్నయంటే నొప్పి గట్టిదే. ఉప్పునీళ్ళు పుక్కిలించమని ఇంగ్లిష్‌ల రాసిన. నవ్వు బొమ్మ పంపింది. తగ్గినట్టుంది.

జూన్ 8
పాత పేషెంట్లను పలకరించుమని క్లాసుల చెప్పిండ్రు గదా. లింబయ్యతో మొదలుపెట్టిన. చిన్ననాటి దోస్తు, బోధన్‌ల లెక్చరర్. పోయినేడు బండి మీదికెళ్ళి పడి ముందటి పండ్లు పోగొట్టుకున్నడు. తీసి పెట్టుకునే సెట్టు నేనే చేసిచ్చిన. నాకు తప్ప ఎవ్వలకు తెల్వదు. పెండ్లి గూడ కుదిరింది.
ఆయన పేజీల రాసిన: "లింబన్నా, పెట్టుడు పండ్లు గట్టిగున్నయా? చెరుకు నమలకు. పెండ్లికి మెరుగు పెట్టిస్త."
మనసు నిండుగున్నది.

జూన్ 10. ఆదివారం
నెట్ సెంటర్‌కు పోలే. వాన. కరెంట్ లేదు. నిన్న గూడ పోలే, మెడ పట్టింది. క్లాసు చెప్పినాయన గూడ ఆదివారం పండుకుంటడు గావచ్చు.

జూన్ 12
లింబయ్య వచ్చిండు. కూసోలే.
"ఏం రాసినవ్‌రా?"
"మంచిచెడ్డ అడిగిన."
"గోదావరి తమ్ముడు చదివిండు. వాళ్ళ బాపుకు గూడ చదివి వినిపిచ్చిండు."
గోదావరి అంటే ఆయనకు కుదిరిన పిల్ల. జక్రాన్‌పల్లి. పెండ్లి ఆపిండ్రంట.
ఆయన పేజీల రాసేది ఉత్తరం లెక్క, ఆయనొక్కడే చదువుతడనుకున్న. తారాబాయిని అడిగిన. "అది బజార్ల గోడ లెక్క, డాక్టర్ సాబ్. తొవ్వల పోయేటోళ్ళంత చదువుతరు" అన్నది. తుడిపేసిన. ఏం లాభం.
లింబయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొనే మాట్లాడిండు. దెబ్బ తగిలినప్పటి నుంచి నవ్వినా గట్లనే పెడుతడు.
ఆర్కుట్ బంద్. జన్మల పోను.

జూన్ 14
ఆగలేకపోయిన. లింబయ్యను బండి ఎక్కించుకొని జక్రాన్‌పల్లి పోయిన. తప్పంత నాదేనని గోదావరి నాయిన పోశయ్యకు చెప్పిన.
"పండ్లు పోవుడు తప్పు గాదు, దాచిపెట్టుడు తప్పు" అన్నడు పోశయ్య. "రేపు ఇంకేం బయటపడుతదో?"
గోదావరి చాయ్ తెచ్చి ఆడనే కూసున్నది.
"అన్నా, చెరుకు నమలద్దు, సరే. మక్కెన్ను?"
"గింజలు ఒలిస్తే తినచ్చు."
"మటన్ బొక్క?"
"మెత్తగ ఉడకాలె."
ఇగ లింబయ్య దిక్కు తిరిగి, "తీసి చూపియ్యుండ్రి" అన్నది.
ఆయన నా మొఖం చూసిండు. నేను తలూపిన. తీసి అరచేతుల పెట్టుకొని ఏదో అన్నడు. సగం గాలే వచ్చింది.
"ఏమంటుండు?" అని పోశయ్య నన్నడిగిండు.
"'నేనే చెప్పాల్సింది, భయమైంది' అంటుండు" అన్న.
గోదావరికి నవ్వు ఆగలే. ఆమెను చూసి లింబయ్య గూడ నవ్విండు. చెయ్యి అడ్డం రాలే. నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. చాయ్ వేడికి అనుకోనిచ్చిన.
"మరి పెండ్లి?" అని అడిగిన.
"పెండ్లి ఏడికి పోతది గాని, రెండుసార్లు పక్కన కూసొని బువ్వ తిన్న, పెట్టుడు పండ్లని నాకు ఆనవాలు దొర్కలే" అన్నడు పోశయ్య. నోరు తెరిచి ఊగే పన్ను చూపిచ్చిండు. "నాక్కూడ గసోంటివి చేస్తవా?"

జూన్ 17. ఆదివారం
పోశయ్య వచ్చిండు. వెంట అన్నదమ్ములు, ఇంకో ఇద్దరు జక్రాన్‌పల్లోళ్ళు. పొద్దంత పనే. కండ్ల డాక్టర్ బయటికొచ్చి చూసిపోయిండు.
"అందరు ఆర్కుట్‌లకెళ్ళే వచ్చిండ్రా?" అని ఇంటామె అడిగింది. కొంచెం అటిటుగ అవునన్న.
గోదావరి తమ్ముడు వాళ్ళ హాస్టల్ దోస్తులందరిని ఆర్కుట్‌ల పరిచయం చేస్తనన్నడు. గంతమందిని ఎట్ల విడిచిపెడుత?
నిర్ణయం: రేపటి నుంచి మళ్ళ ఆర్కుట్. రోజుకొక్కరు. పలకరింపు "బాగున్నరా?" వరకే అని లింబయ్యకు మాటిచ్చిన. నోరు వాళ్ళే తెరవాలె.