ఫైల్లో ఉండిపోయే మాట

జూన్ 3, మంగళవారం

గార్మెంట్స్ ఫ్యాక్టరీ హెచ్చార్‌లో చేరి నాలుగు నెలలు. ఈరోజు మొదటిసారి సెన్షర్ లెటర్ టైప్ చేశాను. డిక్షనరీ చూశాను: అభిశంసన. తప్పు పట్టి, అధికారికంగా రాసివ్వడం. మూడు వస్తే ఉద్యోగం పోతుంది.

పేరు కొట్టేటప్పుడు వేళ్ళు ఆగాయి. కాలర్ సెక్షన్ పార్వతమ్మత్త, మా పక్కింటామె. ఇది మూడోది. నన్ను బడిలో చేర్చే రోజు అమ్మకు లీవు దొరక్కపోతే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఈమే.

జూన్ 4

సంతకం తీసుకోవడమే నా పని, వివరించొద్దని సూపర్‌వైజర్ ముందే చెప్పాడు. అత్త వచ్చి, సైను యాడ పెట్టల్ల పాపా అంది. ముందు రెండూ మెడికల్ క్యాంపు కాగితాలనుకుని పెట్టేసిందట. ఇక్కడ అందరూ అంతే, సంతకం చేసి మిషన్ దగ్గరికి పరిగెత్తుతారు.

తెలుగులో చదివి చెప్పాను. తిట్టేకి కాగితమెందుకప్పా, నోరుండాది కదా అని నవ్వింది. నోటి తిట్టు టీ టైముకు పోతుంది, ఇది ఫైల్లో ఉండిపోతుంది, మూడోదైతే ఇంటికే అన్నాను. నవ్వు ఆగింది.

రెండు రోజుల్లో రిప్లై రాసుకోవచ్చని రూల్ ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. లంచ్‌లో ఆమె చెప్పింది, నేను రాశాను. పక్క మిషన్ అర్పిత కళ్ళు తిరిగి పడితే బయటికి మోసుకెళ్ళింది. టార్గెట్ అని సూపర్‌వైజర్ అరిస్తే, పిల్ల సచ్చిపోతే నీ కాలర్లు నువ్వే కుట్టుకుంటావా అని అడిగింది. లెటర్లో రాసిన ‘ఎదురు చెప్పడం’ అదే.

జూన్ 5

రిప్లై ఇచ్చాం.

జూన్ 9

మేనేజర్ అర్పితను పిలిచి అడిగాడు. అత్త లెటర్ క్యాన్సిల్!

సాయంత్రం ఆ మేనేజరే నాకొకటి ఇచ్చాడు. ఆఫీసు విషయం బయటపెట్టినందుకు సెన్షర్. ప్రతి లైనూ చదివి సంతకం పెట్టాను. థాంక్యూ సార్ అంటే ఆయన వింతగా చూశాడు. నిజంగానే అన్నాను. చదవగలిగాను కదా.

జూన్ 10

అమ్మ నా బ్యాగులో లెటర్ చూసింది. కంపెనీ ముద్ర, నా పేరు. అమ్మకు చదువు రాదు, నా పేరు మాత్రం గుర్తుపడుతుంది. నాలుగు మూలలా పసుపు రాసి, కదిరి నరసింహస్వామి పటం పక్కన పెట్టింది.

అయ్యో అమ్మా, అది తప్పు పట్టిన కాగితం అన్నాను. ఏం తప్పు చేస్తివి అంది. మొత్తం చెప్పాను. పార్వతి కోసమా అని ఒకసారి అడిగింది. తర్వాత కుంకుమ కూడా పెట్టింది.

జూన్ 11

రిప్లై రాయడానికి నాకూ ఈరోజు వరకు గడువుంది. రాయను. ఈ మాట ఫైల్లో ఉండిపోనీ.