ఎడమ చెంప

విశాఖపట్నం

అమ్మకు,

బాబాయి నా ఫోనుకు పంపిన ఫొటో చూశాను. మన ఊళ్ళో పెట్టే నాన్న విగ్రహం కోసం తెనాలిలో చేస్తున్న మట్టి బొమ్మ. టోపీ బాగుంది, మీసం బాగుంది. మనిషే నాన్న కాదు. ఆ నున్నటి ఎడమ చెంప ఎవరిదమ్మా? నేను పుట్టకముందే కాశ్మీరులో బాంబు ముక్క తగిలి అక్కడ కండ పోయిందిగా. నాకు తెలిసిన నాన్నకు అక్కడ సొట్ట ఉంది. చిన్నప్పుడు అందులో బొటనవేలు పెట్టుకుంటేగానీ నాకు నిద్ర పట్టేది కాదు.

ఇంటివాళ్ళు మట్టి బొమ్మ చూసి సరేనంటేనే కంచులో పోత పోస్తారట. నువ్వు సరేనన్నావట. మిలిటరీలో చేరిననాటి ఫొటో ఇచ్చిందీ నువ్వేనట. ఇన్నాళ్ళూ ఆ చెంప చూసి సిగ్గుపడ్డావా? ఎవరో అందగాడికి దండ వెయ్యడానికి నేను అంత దూరం రాను.

కోపంతోనే,
రాగసుధ

•

పర్చూరు

బంగారుతల్లి సుధకు,

ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. అందుకే కాగితం తీశాను. సిగ్గు నాది కాదే, మీ నాన్నది. పోయేముందు ఆయనే అన్నాడు: “ఏమే, రేపు ఈ ఊరోళ్ళు నాకు బొమ్మంటూ పెడితే పాత ఫొటో ఇయ్యి. నిండు మొహంతో ఒక్కసారన్నా నిలబడతా.” మిరపకాయల యార్డుకెళ్ళినా పెళ్ళికెళ్ళినా చెంప మీదుగా తువ్వాలు చుట్టుకునేవాడు. జెండా పండక్కి పిలిచి శాలువా కప్పినవాళ్ళే, భోజనాల దగ్గర ఆయన ఎదురుగా కూర్చునేవాళ్ళు కాదు. ‘ఆ తువ్వాలు తియ్యవయ్యా’ అని నేనూ ఒక్కనాడు అనలేకపోయాను. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

నీ ఉత్తరం చదివాక నీ వేలి సంగతి గుర్తొచ్చింది. నీ పక్కన పడుకున్నప్పుడే ఆయన తువ్వాలు తీసేవాడు. నువ్వు లేస్తావని కదిలేవాడు కాదు. “మెడ పట్టేసిందే” అని పొద్దున్నే నవ్వేవాడు. నిండు మొహం కావాలని అడిగిన మనిషి ఆ సుఖాన్ని ఎట్లా మర్చిపోయాడో.

ఆయన ఆఖరి మాట కాదని నిన్న తెనాలి వెళ్ళాను. తప్పో ఒప్పో తెలీదు. “మట్టి ఇంకా పచ్చిగానే ఉందమ్మా, మీరే నొక్కండి” అన్నాడు శిల్పి. నొక్కాను. ఎంత లోతో, ఎక్కడో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చెంప నేనెప్పుడూ తాకలేదే తల్లీ. చెరిపెయ్యమని చెప్పి వచ్చేశాను.

శుక్రవారం పోత. అందాకా మట్టి ఆరకుండా మొహం మీద తడి తువ్వాలు కప్పి ఉంచారు. అది నువ్వొచ్చి తియ్యి.

మీ అమ్మ,
వెంకటేశ్వరమ్మ