కర్రకు కట్టిన చెయ్యి

పటమట,
మంగళవారం.

డాక్టర్ జ్ఞానేశ్వరి గారికి నమస్కారాలు.

మిరియం అనే నల్లకుక్కని పెంచుకుంటానని నిన్న మీ షెల్టర్‌కి వచ్చింది నేనేనండీ. తినేటప్పుడు చెయ్యి పెడితే కరుస్తుందేమో చూడ్డానికని, అది అన్నం తింటుంటే మీవాళ్లు కర్రకు కట్టిన ప్లాస్టిక్ చెయ్యి గిన్నెలో పెట్టారు. అది ఎగిరి కరిచింది. "దీన్ని ఎవరికీ ఇవ్వలేమమ్మా, ఇక వెనక బోనులో ఉంచెయ్యడమే" అన్నారు మీరు.

మీ వ్యాను తీసుకెళ్లకముందు అది మా వీధిలోనే ఉండేది. టిఫిన్ బండి దగ్గరికి వస్తే కర్రతో కొట్టేవాళ్లు. ఒకసారి కాలు కూడా విరిగింది. నిన్న అది చేతిని కాదు, కర్రని చూసి బెదిరిందని నా నమ్మకం. రుజువు మాత్రం లేదు.

మా సుస్మితకి నాలుగేళ్లు. రేపు పాపని కరిస్తే? మా ఆయన "మనకెందుకు, వదిలెయ్" అంటున్నారు. వదిలేస్తే బతికినన్నాళ్లూ దానికి ఆ బోనే గతి.

అందుకే, ఆ బోనులోకి పంపేముందు ఇంకొక్కసారి పరీక్ష పెట్టండి. ఈసారి కర్ర వద్దు, గిన్నెలో నా చెయ్యే పెడతాను. కరిస్తే మారు మాట్లాడకుండా వెళ్లిపోతాను.

చాలా భయంగా ఉందండీ. ఆ కాసేపూ మీరు నా పక్కన నిలబడతారా?

మీ కబురు కోసం ఎదురుచూస్తూ,
సుస్మిత వాళ్లమ్మ