నాలుగో ఆదివారం

భస్మ బుధవారం మరునాడు

ప్రియమైన చిన్నోడికి,

అక్క ఆశీస్సులు. నువ్వు పంపిన మన బృందం పాటల డిస్కులు క్షేమంగా చేరాయి. నువ్వు ముక్కలు అతికిన చోటు ఎక్కడ ఉందో చెవి రిక్కించి వెతికినా దొరకలేదు. మీ బావ మాత్రం మామూలుగానే నిన్ను ‘ఊపిరి దొంగ’ అని తిట్టారు. చరణానికీ చరణానికీ మధ్య మేం పీల్చుకున్న గాలంతా నువ్వు కత్తిరించి పారేస్తావు కదా, వినేవాళ్ళు మమ్మల్ని మనుషులనుకోరు, ఆర్గన్ గొట్టాలనుకుంటారు అని ఆయన పాత గొడవ.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఫోనులో చెబుదామంటే ఆయన పక్క గదిలోనే ఉంటారు. గొంతు బొంగురు తగ్గడం లేదని పోరి పోరి మొన్న మీ ఊరి పెద్దాసుపత్రికి పంపాను. నీ దగ్గరికి రాకుండానే పరుగున వెనక్కి వచ్చేశారు, రైల్వే స్టేషన్లో డ్యూటీ ఉందని. స్వరపేటిక మీద గడ్డ లేచిందట. చెడ్డదే. ఇంకా అంచు దాటలేదు, తొందరపడితే గడ్డ వరకే తీసి గొంతు నిలబెట్టవచ్చు అన్నాడట డాక్టరు. నాలుగో ఆదివారం సాయంత్రం వచ్చి చేరమన్నాడు.

ఆ మాట విని నేను గోడ మీది చర్చి ఆరాధన క్యాలెండరు తీసి ఈస్టరు ముందటి శ్రమకాలంలో నాలుగో ఆదివారానికి సున్నా చుట్టాను. ఆయన నీళ్ళు తాగుతూ చూసి తలూపారు.

చిన్నోడా, ఏడాది పాటలన్నీ రికార్డు చెయ్యాలన్న నాన్న కోరికలో ఇక మిగిలింది శుభ శుక్రవారం పాడే శ్రమల గానం ఒక్కటే. మూడొందల ఏళ్ళ కిందటి ఆ యూరప్ బరోక్ చర్చి పాటలు ఏ ఆదివారానికి రాసినవి ఆ ఆదివారపు వారంలోనే పాడాలి, అప్పుడే రికార్డు చెయ్యాలి అని నాన్న పెట్టిన నియమం. నాన్న పోయాక దాన్ని పట్టుకుని వేలాడింది నేనే. ఇప్పుడది నా మెడకే చుట్టుకుంది. శుభ శుక్రవారం దాకా ఆగితే ఆయన గొంతు ఉంటుందో ఉండదో. ఆపరేషన్ తర్వాత అది ఎలా తేలుతుందో దేవుడికే తెలియాలి. అందులో క్రీస్తు మాటలన్నీ మంద్ర గొంతువే కదా, ఆయన లేకపోతే ఏం పాడతాం?

అందుకని నియమాన్ని అటక మీద పెడుతున్నాను. మూడో వారంలో నీ మైకులు తీసుకుని వచ్చెయ్యి. రికార్డు చేసి, ఆయన్ని నీతో పంపిస్తాను.

ఆయనకి ధైర్యం చెబుతున్నాను గానీ నాకు ఎవరు చెప్పాలిరా.

ఇట్లు,
మీ అక్క

*

శ్రమకాలం, రెండో ఆదివారం దాటాక

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివాను. బావ గొంతు లేని మన పాటల్ని ఊహించడానికి ప్రయత్నించి మానేశాను. చిన్నప్పుడు నేను రైళ్ళు చూడ్డానికి కాదు, రైళ్ళ పేర్లు బావ చెబుతుంటే వినడానికి స్టేషన్‌కి వెళ్ళేవాణ్ణి. ఆయన ‘ఆలస్యంగా నడుస్తున్నది’ అంటే జనం విసుక్కునేవాళ్ళు కాదు, తాపీగా బెంచీల మీద కూర్చునేవాళ్ళు. ఆ గొంతులో ఆ మహిమ ఉంది.

మైకులన్నీ సర్దుకున్నాను. బయల్దేరే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి మంచం సంగతి కనుక్కుంటాను. గొంతు తిన్నగా రాకపోతే నా దగ్గరున్న పాత రికార్డుల్లోంచి ముక్కలు తీసి అతుకుతాను. అతుకు తెలియకుండా చెయ్యడం నా వంతు, దిగులు పెట్టుకోవడం మాత్రం నీ వంతు కాదు. ఊపిరి దొంగ నమస్కారాలు చెప్పాడని బావకి చెప్పు.

ప్రేమతో,
నీ తమ్ముడు

*

శ్రమకాలం, మూడో ఆదివారం తర్వాత మంగళవారం

అక్కా,

పొద్దున ఫోన్ చేసి బావని మధ్యాహ్నం బండికి పంపించెయ్యి అన్నానే గానీ ఎందుకో చెప్పలేకపోయాను. రాస్తున్నాను.

మంచం కోసం ఫోన్ చేస్తే అక్కడి నర్సు పేరు వెతికి, ఆయన పోయిన నెలలోనే రావాలి కదండీ, మంచం పట్టి ఉంచాం, రాలేదు అంది. నాలుగో ఆదివారం కదా, ఇంకా రాలేదుగా అన్నాను. నేనూ మన ఇంటి మనిషినే కదా. ఆమెకు అర్థం కాలేదు. నాలుగో ఆదివారం వెళ్ళిపోయింది సార్ అంది.

అక్కా, డాక్టరు చెప్పింది నెలలో నాలుగో ఆదివారం. లోకంలో అందరికీ ఆదివారాలు నెలల్లోనే ఉంటాయి. మనింట్లోనే కదా పుట్టినరోజులు కూడా ఫలానా ఆదివారం తర్వాతి గురువారం అని చెప్పుకునేది. డాక్టరు అనుకున్న రోజు మన లెక్కలో శ్రమకాలం రెండో ఆదివారం. ఆ సాయంత్రం ఆయన ఆసుపత్రిలో ఉండాల్సింది.

బావ వచ్చాడు. ఇప్పుడే భోజనం చేసి పడుకున్నాడు. రేపు డాక్టరు చూస్తాడు. నువ్వు ఏమీ అనుకోకు. ఏమీ కాదు.

నీ తమ్ముడు

*

అదే వారం, గురువారం

చిన్నోడా,

ఏమీ అనుకోకు అని ఎంత తేలిగ్గా రాశావురా. సున్నా చుట్టింది నేను. ఈ చేత్తోనే, ఎర్ర పెన్సిలుతో. ఆయన నోట నాలుగో ఆదివారం అన్న మాట రాగానే, ఏ నాలుగోది అని ఒక్క మాట అడగలేదు. నాకు వేరే ఆదివారాలు ఉన్నాయన్న సంగతే తట్టలేదు. ఇన్నేళ్ళు జనానికి వేళ చూసి పాడడం నేర్పాను. నా మొగుడికి వేళ చూడలేకపోయాను.

ఆ క్యాలెండరు పొయ్యిలో పెట్టాను. దాంతో ఏం ఒరుగుతుంది? గోడ మీద అది ఉన్న చోటు తెల్లగా మిగిలింది, అటు చూడలేక గిన్నెలు తోముతూ కూర్చుంటున్నాను, తోమినవే తోముతున్నాను.

డాక్టరు ఏమన్నాడో దాచకుండా రాయి. నా మీద జాలిపడి తగ్గించి రాశావో, నీ మొహం చూడను.

అక్క

*

శ్రమకాలం, నాలుగో ఆదివారం

అక్కా,

దాచకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. గడ్డ అంచు దాటింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు, తీసేశాడు కూడా. ప్రాణానికి భయం లేదు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఇకపై ఊపిరి అందులోంచే. అనుకున్న రోజు వచ్చి ఉంటే గొంతు దక్కేదా అని అడిగాను. దక్కేదేమో అన్నాడు. ఆ ‘ఏమో’ని పట్టుకుని మనం బతకాలి.

ఆసుపత్రిలో చేరే ముందు సాయంత్రం ఒక పని చేశాను. మొదటి వాక్యమైనా పట్టుకుందామని నా గదిలో మైకు పెట్టి బావని నిలబెట్టాను. స్వరాల పుస్తకం తెరిచాడు గానీ దాన్ని చూడలేదు. ఛాతీ నిండా గాలి పీల్చి నోరు తెరిచాడు. గరగరమని గాలి వచ్చింది, స్వరం రాలేదు. మళ్ళీ పీల్చాడు, మళ్ళీ గాలే. నాలుగైదు సార్లు చూసి, నవ్వి, నా భుజం తట్టాడు. గుసగుసగా అన్నాడు: “అంతా ఊపిరే మిగిలిందిరా. ఇది నీకు పనికిరాదు కదా.”

పాత ముక్కలు అతుకుతానని బతిమాలాను. అతుకుల బొంత కప్పుకుని సిలువ దగ్గర నిలబడనన్నాడు.

నువ్వు ఎప్పుడొస్తున్నావు? కళ్ళు తెరిచినప్పుడల్లా తలుపు వైపే చూస్తున్నాడు.

నీ తమ్ముడు

*

ఆ వారంలోనే

చిన్నోడా,

నిన్న స్టేషన్‌కి వెళ్ళాను. చేతిలో సంచీ, అందులో ఆయన ఉన్ని కండువా. మీ ఊరి బండి వస్తున్నదని మైకులో చెప్పారు. ఆయన స్థానంలో వచ్చిన కొత్త మనిషి గొంతు, పీలగా, ముక్కుతో. పదిమందిలో నిలబడి ఏడ్చాను. బండి వచ్చింది, తలుపు నా ముందే ఆగింది, ఎక్కలేదు. ఏ మొహం పెట్టుకుని ఆ మంచం పక్కన కూర్చోను? ఆయన నన్ను ఒక్క మాట అనగలిగితే బాగుండేది. తిట్టడానికి కూడా గొంతు లేకుండా చేశాను.

బృందంలో వాళ్ళు పక్క ఊరి చర్చి నుంచి మంద్ర గొంతు మనిషిని తెద్దామంటున్నారు. శుభ శుక్రవారం దగ్గర పడుతోందని వాళ్ళ ఆదుర్దా. నేను వద్దన్నాను. శ్రమల గానం లేదు, రికార్డూ లేదు, నాన్న కోరికా లేదు. అంతా అక్కడితో సరి.

కండువా పోస్టులో పంపుతున్నాను. రంధ్రానికి చల్లగాలి తగలకుండా చూడు.

అక్క

*

శ్రమకాలం, అయిదో ఆదివారం తర్వాత

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం బావకి చూపించాను. కోప్పడకు. చదివి పలక అడిగాడు. ఇప్పుడు ఆయన మాటలన్నీ పలక మీదే. చాలాసేపు రాశాడు, తుడిచాడు, మళ్ళీ రాశాడు. చివరికి మిగిల్చింది ఇది, మాట మార్చకుండా రాస్తున్నాను:

“నెలలో నాలుగోది అని నాకు తెలుసు. స్టేషన్లో పనిచేసేవాడికి నెలలు తెలియవా? మీ అక్క తప్పు రోజుకి సున్నా చుట్టింది, నేను ఊరుకున్నాను. శ్రమల గానం పాడాకే కత్తి కింద పడుకుందామనుకున్నాను. తనకి చెప్పు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత పని చేశావు బావా అని మంచంలో ఉన్న మనిషి మీద అరిచాను. ఆయన మాత్రం తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. అక్కా, తప్పు నీది కాదు. ఆయన కావాలనే చేశాడు. నువ్వు ఆయన మీద ఎంత కోపమైనా తెచ్చుకో, కానీ ఇక నిన్ను నువ్వు తినకు. వచ్చే వారం ఇంటికి పంపిస్తామన్నారు. నేనే తీసుకొస్తాను. మైకులు తేవాలా వద్దా, అదొక్కటి చెప్పు.

ప్రేమతో,
నీ తమ్ముడు

*

పునరుత్థాన ఆదివారం, మధ్యాహ్నం

ప్రియమైన చిన్నోడికి,

నీ బండి కదిలిందో లేదో ఇది రాయడానికి కూర్చున్నాను. ఎదురుగా మీ బావ కూర్చుని ఉన్నారు కాబట్టి, ఆయన ఉన్నంతసేపూ నీతో చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తాను. బజారు లెక్కలు రాస్తున్నాననుకుంటున్నారు.

‘తెలుసు’ అని పలక మీద రాశారన్న నీ ఉత్తరం రాగానే నేను మళ్ళీ స్టేషన్‌కి పరిగెత్తాను. ఈసారి ఏడవడానికి కాదు, నీ దగ్గరికి వచ్చి ఆయన్ని నాలుగు దులపడానికి. గొంతు పోగొట్టుకున్న మనిషిని తిట్టాలని టికెట్ కొనుక్కున్న పెళ్ళాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. అక్కడ స్టేషన్ మాస్టరు కనిపించి, ఆయన ఎలా ఉన్నారని అడిగి, ఒక మాట అన్నాడు. డాక్టర్ని చూసి వచ్చిన రోజు మీ బావ రైలు దిగి ఇంటికి కూడా రాకుండా ముందు మాస్టరు గదిలోకే వెళ్ళారట. వచ్చే నెల సెలవు కావాలని అడిగారట. మా ఆవిడకి తెలిస్తే కంగారుపడుతుంది, సెలవు దొరికాకే ఇంట్లో చెబుతాను అన్నారట. ఏ రోజు నుంచి అని అడిగితే చెప్పారట, శ్రమకాలం నాలుగో ఆదివారం నుంచి. మాస్టరుకి ఆ లెక్క తెలియక, ఆయన చేతే తేదీ చెప్పించుకున్నాడట.

అర్థమైందా? నేను సున్నా చుట్టకముందే. ఆయనకీ తెలియదురా. డాక్టరు నోట ఆ మాట రాగానే ఆయన బుర్రలోకీ వచ్చింది మన ఆదివారమే. ఊళ్ళో ఎవరిని అడిగినా ఈ తప్పు చెయ్యరు. మేమిద్దరం మాత్రం ఎవరికి వారం, ఒకరినొకరు అడక్కుండానే, ఒకే తప్పు చేశాం. నా మీద నాకున్న కోపాన్ని తన మీదికి తిప్పుకోవాలని ఆ అబద్ధం రాశారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాతో ఆడిన అబద్ధాలన్నీ కాఫీ బాగుందనేవే. ఇదొక్కటే పెద్దది.

ఆ రోజు బండి ఎక్కకుండానే వెనక్కి వచ్చేశాను. ఆయన ఇంటికి వచ్చిన రోజు అసలు సంగతి నాకు తెలుసని చెప్పెయ్యాలనుకున్నాను. గుమ్మంలో నిలబడి, నేను అరుస్తానని సిద్ధపడి, తల వంచుకుని ఉన్నారు. సరే అని అరిచాను. మీకు బుద్ధి లేదా, పాట కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎంత సంతోషించారో చూడాలి. కాబట్టి ఇక మన మాట ఇదే: ఆ రోజు ఏదో ఆయనకి ముందే తెలుసు, నేను నమ్మాను, అంతే. నువ్వూ అలాగే ఉండు.

ఇక రికార్డు సంగతి. వద్దన్నదాన్ని, ఆ అబద్ధం తెలిశాకే మనసు మార్చుకుని నిన్ను మైకులు తెమ్మన్నాను. శుక్రవారం నువ్వు మైకుల వెనకాల గాజు గదిలో ఉన్నావు, నీకు కనిపించి ఉండదు. వేరే మనిషి వద్దని, క్రీస్తు మాటలున్న చోటల్లా ఆర్గన్, చెల్లో మాత్రమే వాయించమన్నాను కదా. మీ బావ రోజూ నిలబడే చోటే నిలబడతానని పట్టుబట్టారు. పాటలో అధిపతి పిలాతు క్రీస్తుని అడుగుతాడు, నువ్వు యూదుల రాజువా అని. జవాబు రావాల్సిన చోట మీ బావ పుస్తకం తెరిచి, వాక్యానికి ముందు పీల్చుకోవాల్సిన చోట గాలి పీల్చారు, వాక్యం పొడవునా మెల్లగా వదిలారు, మళ్ళీ పీల్చారు. ఒక్క చోట కూడా తప్పలేదు. మెడలోంచి వస్తున్న ఆ చప్పుడు విని పక్కనున్న వాళ్ళు పాడలేక ఇబ్బందిపడ్డారు, నేను చెయ్యి ఆపలేదు. ఆయన గొంతు పోయాక మొదటిసారి నాకు ఏ వాక్యమూ తప్పిపోయినట్టు అనిపించలేదు.

నువ్వు రేపు ఆ రికార్డు ముందు కూర్చుంటావు. నీ చెవికి అది గాలి చప్పుడు, రోగపు చప్పుడు, చెయ్యి దానంతటదే కత్తెర వైపు వెళ్తుంది. వెళ్ళనివ్వకు. మా అందరి ఊపిరి చప్పుళ్ళూ తీసెయ్యి, నావీ తీసెయ్యి, ఆయనవి మాత్రం ఒక్కటి కూడా తియ్యకురా, ఊపిరి దొంగా. మనకి మిగిలిన గొంతు అదే.

డాక్టరు మళ్ళీ రెండో ఆదివారం రమ్మన్నాడని ఆయన ఇప్పుడే పలక మీద రాసి చూపించారు. కింద చిన్న అక్షరాల్లో, ‘ఏ రెండోది?’ అని కూడా రాశారు.

ఇట్లు,
తేదీ కనుక్కోవడానికి ఫోను దగ్గరికి వెళ్తున్న
మీ అక్క