మిషన్ మోగిన చోటు

అన్నా,

దుక్కిలో నువ్వు ఏరిన పాత నాణేలు చూసి, ఇబ్రహీంపట్నం నుంచి చరిత్ర సంఘం వాళ్లు నేలలో లోహం పట్టే మిషన్‌తో ఇవాళ మన పొలానికి వచ్చారు. నువ్వుంటే వాళ్లకంటే ముందు నడిచేవాడివి.

తూర్పు గట్టు దగ్గర మిషన్ గట్టిగా మోగింది.

"ఈడ పెద్దదే ఉన్నది, తవ్వుదం," అన్నాడొకాయన.

నిన్ను పూడ్చింది అక్కడేనని వాళ్లకు తెలియదు. మోగింది దవాఖానలో నీ తొడలో వేసిన రాడ్డు. నాగలికి అడ్డమని సమాధి కట్టొద్దన్నది నువ్వే.

వదిన ఆపరేషన్ కోసం పొలం బేరం పెట్టాం. ప్లాట్లు చేసే ఆసామి పక్కనే ఉన్నాడు. చెబితే అతను కొనడు, చెప్పకపోతే వీళ్లు తవ్వుతారు.

చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డాను.

"జర పక్కకు జరుగన్నా," అన్నాడు మిషన్ పట్టుకున్నాయన నాతో.

"జరుగ."

పొద్దు గూకాక, రేపొస్తామని పోయారు. రేపూ నిలబడాలి. నీ మీద నిలబడ్డానని ఏమనుకోకు.