పేరు లేని డబ్బా

చిట్టీ,

డ్యూటీకి వెళ్తున్నాను. లేవగానే మొహం చల్లనీళ్లతో కడుక్కో, రుద్దకు. అద్దం దగ్గర పెట్టిన మామూలు లోషన్ పల్చగా రాసుకో. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్. అంతకుమించి ఏదీ వద్దు.

నీ దిండు గలీబులో దాచిన పేరు లేని క్రీము డబ్బా నా సంచిలో ఉంది. మా ఆస్పత్రిలో చర్మం డాక్టరమ్మకి చూపిస్తాను. ఇలాంటిది ఇంకోటి ఉందేమోనని నీ అల్మారా కూడా వెతికాను, తిట్టుకోకు. మూడు ఆదివారాలుగా తలనొప్పి అని చర్చికి రాకపోతే నమ్మేశాననుకున్నావా? బుగ్గలు ఎర్రబడి పొట్టు లేస్తుంటే నాకు కనబడదా? నువ్వు ఫోన్లో చూసే వీడియోల్లో ఆ పిల్ల ఈ క్రీము చూపించి "వారంలో నాలా అయిపోతారు" అంటోంది. దాని మొహం మీద ఒక్క మచ్చ లేదు, ఒక్క గీత లేదు. అదంతా ఫోన్ చేసే మాయేమోనని నాకు అక్కడే అనుమానం. ఆ డబ్బాలు అమ్మేది కూడా తనే కదా?

నిన్ను గట్టిగా తిడదామనే కూర్చున్నాను. కానీ నిన్న నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు నీ ఫోన్లో ఆ వీడియోలు వరసపెట్టి చూశాను. లేచి అద్దంలో చూసుకుంటే నా మొహం నాకే నచ్చలేదు. ఆ క్రీము నేనూ రాసుకున్నాను. ఇప్పుడు నా బుగ్గలూ మండుతున్నాయి. నర్సుని అయ్యుండి! పొద్దున ప్రార్థనలో దేవుడికి చెప్పుకుని ఏడ్చాను. మనల్ని చేసినవాడు ఎవరి పక్కనా నిలబెట్టి పోల్చి చూడడు తల్లీ.

అమ్మ

ఈ ఆదివారం ముందు బెంచీలో నా పక్కనే కూర్చో. నీ మొహానికేమైందని ఎవరైనా అడిగితే, ముందు నా సంగతి చెప్తాను.