అత్త ఒళ్లో పాప

పాలకుర్తి, ఆదివారం

తెలంగాణ బంద్ కదా, ఈరోజు ఒక్క ఆటో కూడా నడవలేదు. జ్వరంతో కాలిపోతున్న నా పాపను ఎత్తుకుని దవాఖానకు నడుస్తుంటే అత్త ఎదురొచ్చింది. పాపను తీసుకుని ముందు నడిచింది. చర్చికి పోతున్నామని ఐదేళ్ల కిందట మమ్మల్ని ఇంట్లోంచి వెళ్లగొట్టిన మనిషి. మా ఆయన చనిపోయినప్పుడు కూడా రాలేదు.

డాక్టరు సూది వేశాక ఇక ఆగలేకపోయాను. "నీ కొడుకును మట్టిల పెట్టిననాడు యాడున్నవ్ అత్తమ్మా?"

"ఇంట్లనే తలుపేసుకొని ఏడ్సిన బిడ్డా. రానీకి మొఖం చెల్లలే. తిట్టు, గని పిల్లను నా ఒళ్లకెల్లి తియ్యకు."

తీయలేదు. తిట్టడమూ ఆపలేదు. సాయంత్రానికి పాప జ్వరం తగ్గింది, నా కోపం మాత్రం అట్లాగే ఉంది. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని ప్రభువునూ నిలదీశాను. అయినా ప్రార్థనలో మొదటిసారి అత్త పేరు చెప్పాను, పళ్లు కొరుక్కుంటూనే.